బొడ్రాయి రీడింగులు

నమోదు 1. ఆషాఢం, మూడో రోజు

ఈ పుస్తకాన్ని కేంద్రం వాళ్ళు కార్ఖానా ముప్పు అంచనా కోసం ఇచ్చారు. అంచనా వేసే మనిషి చూసింది చూసినట్టు చేత్తో రాయాలి. తప్పు రాస్తే కొట్టేయొచ్చు కానీ పేజీ చింపకూడదు. నా పేరు తొగరి స్వరూప. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మొదటి ఉద్యోగం మా ఊరికే వేశారు, కొత్త ఎర్రగుట్టకు.

పొద్దున్నే మిద్దె మీద తెర పిండాను. తాడు తిప్పుతుంటే రాత్రంతా గాలిలోంచి పట్టిన తేమ ధార కట్టి తొట్టిలో పడింది. మూడు బిందెలు వచ్చాయి. వాన పడి నాలుగేళ్ళయింది కాబట్టి ఊళ్ళో అందరికీ నీళ్ళంటే ఇవే. తెర ఏడాదికి అప్పడంలా బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని మా ఊరి తెరల కార్ఖానాకు ఇస్తాం. వాళ్ళు తేమను పట్టే పాత మెరుగుమందు కడిగేసి కొత్తది పూసి ఇస్తారు. ఆ కడుగునీళ్ళు కార్ఖానా వెనక గుంటలోకి పోతాయి. గుంట అడుగున మందపాటి పట్టా పరిచి ఉంటుంది. అది కారుతోందా లేదా అని చూసే సెన్సర్ ఒకటి ఊళ్ళో ఉంది. కింది నీరు ఊరే చిన్న గుంతలో దాని ముల్లు ఉంటుంది, రోజూ పొద్దున ఏడింటికి కొలిచి కేంద్రానికి పంపుతుంది.

నా పని ఆ లెక్కలు చూడడం. పదకొండేళ్ళ లెక్కలు ముందేసుకున్నాను. మూడు దాటితే ఎరుపు. ఇక్కడ ఏ రోజు చూసినా సున్నా పాయింట్ రెండు. ఒక్కరోజు కూడా పైకి పోలేదు. శిక్షణలో చూపించిన ఏ కార్ఖానా లెక్కలూ ఇంత శుభ్రంగా లేవు.

కార్ఖానా పెద్ద దామోదర్ సార్ టీ తెప్పించి, "చూసినవా, మన మట్టి ఎసొంటిదో! ఇగ సంతకం పెట్టు బిడ్డా. నీ సంతకం పడ్డదంటే ఇరవయ్యో తారీఖు రెండో కడుగుడు షెడ్డు షురూ. ఇంకో నాలుగూర్లకు తెరలిస్తం," అన్నాడు.

నేను అన్ని కాగితాలూ రెండుసార్లు చదివాను. పచ్చ అని రాసి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి చెబితే అవ్వ, అంటే మా అమ్మ, నా చెయ్యి పట్టుకుని చూసింది.

"సంతకమంటే నీ పేరు రాసుడేనా?"

"అవునవ్వా."

"గంతేనా? గంత దానికి పదహారేండ్లు చదివినవా?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

నమోదు 2. ఆషాఢం, ఆరో రోజు

సెలవు పెట్టి అక్కను చూడడానికి పల్లంగూడెం వెళ్ళాను. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దిగువన ఉంటుంది. వాళ్ళు పాత నేలను వదలం అని కార్ఖానా ఊళ్ళలో చేరలేదు, అందుకని వాళ్ళకు తెరలు ఇవ్వలేదు. మూడు వందల ఇళ్ళు, మూడు లోతు బావులు. అక్క పేరు వినోద. ఇప్పుడు ఏడో నెల.

పప్పు నోట్లో పెట్టుకోగానే ఉమ్మేయబోయాను.

"అక్కా! ఇది పప్పా, ఉప్పుకషాయమా?"

"ఏం మాటలే! సప్పగున్నదని ఇంకింత ఏద్దామనుకుంటున్న," అంది అక్క. బావ కూడా మారు వడ్డించుకుని తింటున్నాడు.

"సూలాలికి నాలుక అట్లనే ఉంటది గాని, బావా, నీకేమైంది?"

"నాకూ సప్పగనే ఉన్నది మరి," అన్నాడు బావ.

సాయంత్రం పక్కింట్లో అటుకులు పెట్టారు. అవీ అంతే. ఎదురింటి ముసలమ్మ మజ్జిగ ఇచ్చింది. ఒక గుక్క మింగి గ్లాసు దించేశాను. పల్లంగూడెం వాళ్ళు ఉప్పుకు మరిగారు అని నవ్వితే వాళ్ళూ నవ్వారు. దారి పొడుగునా నాకు దాహమే.

నమోదు 3. ఆషాఢం, ఏడో రోజు

నవ్వినందుకు ఇప్పుడు చెంపలు వేసుకోవాలనిపిస్తోంది.

పొద్దున శిక్షణ పుస్తకం తీసి మెరుగుమందు గురించిన పేజీ వెతికాను. పరీక్షకు బట్టీ పట్టిన పేజీయే. "ఒంట్లో చేరితే మొదటి గుర్తు: నాలుకకు ఉప్పు రుచి తెలియదు." దాని కింద ఇంకో వాక్యం ఉంది. "గర్భిణులు ఈ నీటిని ఒక్క రోజు కూడా వాడరాదు. కడుపులోని బిడ్డ నరాలకు హాని." దీనికి నాకు పది మార్కులకు పది వచ్చాయి. నిన్న ఆ పప్పు తిన్నప్పుడు ఇందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

పరీక్ష పట్టీలు తీసుకుని మళ్ళీ పల్లంగూడెం పరుగెత్తాను. అక్క వాళ్ళ బావిలో చేద వేసి పట్టీ ముంచాను. నల్లబడింది. పట్టీ పాడైందేమో అనుకున్నాను. రెండోది ముంచాను. మూడోది వేరే బావిలో ముంచాను. నాలుగోది నా డబ్బాలో ఉన్న తెర నీళ్ళలో ముంచాను. అది తెల్లగానే ఉంది. పట్టీలు పాడవలేదు.

పట్టీ డబ్బా మీది రంగులతో పోల్చాను. బావి లెక్క పదకొండు. హద్దు మూడు.

నిర్ధారణ కాకముందు ఊరికి చెప్పకూడదని నియమం. అక్కకు చెప్పాను. బావి నీళ్ళు తాగొద్దు, రోజూ రెండు డబ్బాల తెర నీళ్ళు పంపిస్తాను అన్నాను. అంటే నియమం తప్పాను, కానీ సగమే తప్పాను. మిగతా ఊరికి చెప్పలేదు. ఎదురింటి ముసలమ్మ "మల్లెప్పుడొస్తవ్ బిడ్డా" అని అడిగితే తల దించుకుని వచ్చేశాను.

మా ఊరి లెక్క ఈ రోజు కూడా సున్నా పాయింట్ రెండే. విషం పల్లంగూడెం చేరాలంటే మా ఊరి కింద నుంచే పోవాలి. అయితే సెన్సర్ చెడిపోయి ఉండాలి. రేపు ఏడింటికి దాని దగ్గరే నిలబడి చూస్తాను.

నమోదు 4. ఆషాఢం, ఎనిమిదో రోజు

సెన్సర్ చెడిపోలేదు.

కేంద్రం పటంలో దాని పేరు "కొలత స్థలం ఒకటి". పటం చేత పట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. మా వాడ దాటాను, కిరాణం దాటాను. పటం నన్ను ఊరి నడిబొడ్డున బొడ్రాయి ముందు నిలబెట్టింది.

అక్కడ మా అవ్వ ఉంది. బిందెతో నీళ్ళు పోస్తోంది. ఆమె వెనక ఊరి పెద్దామె బూదవ్వ, ఆమె వెనక ఇంకో పదముగ్గురు ఆడవాళ్ళు వరసగా ఉన్నారు, అందరి చంకల్లో బిందెలే. కంబానికి పసుపు, కుంకుమ, వేపకొమ్మ. కంబం పైన దుమ్ము పట్టిన చిన్న గాజు కన్ను. పదకొండేళ్ళుగా చూస్తున్న కన్ను అది. నేను చిన్నప్పుడు దానికి కూడా బొట్టు పెట్టాను.

ఊరు అన్నాక నడిమధ్యన బొడ్రాయి ఉండాలి. ఊరి పానం అందులో ఉంటుంది, అది ఎండితే ఊరు ఎండుతుంది, పొద్దున్నే నీళ్ళు పోసి చల్లార్చాలి. పాత ఊళ్ళు వదిలి వచ్చిన మావాళ్ళు బొడ్రాయిని పెకిలించి తెచ్చుకోలేకపోయారు. ఇక్కడికి వచ్చేసరికి ఒక్క ఇల్లూ లేదు. ఖాళీ నేలలో ఈ కంబం ఒక్కటే నాటి ఉంది. ఊరు కట్టకముందే నాటారంటే ఇది బొడ్రాయి కాక ఇంకేమిటి? కార్ఖానా వాళ్ళు మనోళ్ళే, మన పద్ధతి తెలిసినోళ్ళే అని పెద్దవాళ్ళు సంబరపడ్డారట. ఆ రోజు నుంచీ వంతులు వేసుకుని, రోజుకు పదిహేను మంది, తెర పిండగానే మొదటి బిందె దీనికే. మొదటి ఇల్లు మాది కాబట్టి మొదటి బిందె రోజూ అవ్వదే.

"ఎంత పోసినా తాగుతదే తల్లి. సుక్క కూడ బయటికి రానియ్యదు," అంది బూదవ్వ నన్ను చూసి.

తాగుతుంది. కంబం చుట్టూ ఉన్న సందులోంచి నీళ్ళన్నీ కింద గుంతలోకి దిగుతాయి. ఆకాశం నుంచి వచ్చిన శుభ్రమైన నీళ్ళు పదిహేను బిందెలు గుంతలో నిండుతాయి. కాసేపటికి ఏడు గంటలవుతుంది. ముల్లు ఆ నీళ్ళనే కొలుస్తుంది.

నా చేతిలో లెక్క చూపే యంత్రం టిక్కుమంది. సున్నా పాయింట్ రెండు.

యంత్రం ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. మొక్కుతున్నాననుకుని పక్కనున్నామె నాకు కుంకుమ పెట్టింది.

ఇది నాకు తెలియని సంగతి కాదు. పన్నెండేళ్ళ వయసు నుంచి, అవ్వ మొయ్యమనకపోయినా, నేనూ పోశాను. శిక్షణలో మూడు నెలలు సెన్సర్ల గురించే చదివాను. బొమ్మ గీయమంటే గీశాను, గుంత ఎక్కడ, ముల్లు ఎక్కడ అని బాణాలు వేశాను. ఒక్కసారి కూడా మా బొడ్రాయి గుర్తుకు రాలేదు. ఇంటి సంగతులు ఒక పెట్టెలో, చదువు ఇంకో పెట్టెలో పెట్టుకుని తిరిగాను. పచ్చ అని సంతకం పెట్టిన చెయ్యి, బిందె ఎత్తి పోసిన చెయ్యి రెండూ నావే.

నమోదు 5. అదే రోజు, మధ్యాహ్నం

దామోదర్ సార్ నేను చెప్పింది విని గ్లాసు పక్కన పెట్టేశాడు. టీ చల్లారిపోయింది.

"కార్ఖానా షురూ చేసిన్నాడు నేనే కొబ్బరికాయ కొట్టిన దానికి," అన్నాడు. "ఆ ఆడోళ్ళు నీళ్ళు పోస్తుంటే నేనే అనుకున్న, మంచిగుంది, సెన్సర్‌ను కడిగి పెడుతున్నరని. తూ! నా బతుకు!"

"షెడ్డు ఆపండి సార్. పాతది కూడా."

"నా చేతుల యాడుందమ్మా? గేటు కేంద్రం చేతిల ఉన్నది. సెన్సర్ ఏడు దినాలు వరుసగ ఎరుపు చూపెట్టాలె. అప్పుడు గేటు దానంతటదే పడ్తది. నడుమ ఒక్కరోజు పచ్చొచ్చినా మల్ల మొదటి నుంచే."

"నా పట్టీలు ఉన్నాయి కదా. బావి లెక్క ఉంది కదా."

"పంపు మరి."

పంపాను. పదిహేను నిమిషాల్లో జవాబు వచ్చింది. పల్లంగూడెం నమోదైన ఊరు కాదు. చేతి పట్టీ లెక్క పదకొండేళ్ళ సెన్సర్ లెక్కకు విరుద్ధంగా ఉంది. తిరస్కరించడమైనది. సంతకం వెనక్కి తీసుకుంటానని రాశాను. కారణం కాలమ్‌లో మూడే గడులు ఉన్నాయి: యంత్రలోపం, ఉద్దేశపూర్వక మోసం, ప్రకృతి వైపరీత్యం. మూడింటిలో ఏదీ కాదు. ఖాళీగా పంపితే అదీ తిరస్కరించారు.

ఉన్న దారి ఒక్కటే. బొడ్రాయికి నీళ్ళు పోయడం ఆపాలి.

లేచి వస్తుంటే దామోదర్ సార్ వెనక నుంచి అడిగాడు. "గేటు పడ్డదంటే తెరలకు కొత్త మెరుగు ఉండదు. ఏడాది తిరిగేసరికి మన మిద్దెల మీద అన్నీ అప్పడాలే. ఆ ముచ్చట గూడ వాళ్ళకు చెప్తవా?"

"చెప్తాను సార్."

"చెప్పు. నేనైతే అడ్డం రాను."

నమోదు 6. ఆషాఢం, పదో రోజు

ఆడవాళ్ళందరినీ బొడ్రాయి దగ్గరికి రమ్మన్నాను. మట్టిలో మందు కారుతోందని, మన నీళ్ళ వల్ల అది కనబడడం లేదని, పది రోజులు ఆగితే చాలని చెప్పాను. తెరల సంగతి కూడా చెప్పాను. దాంతో గోల మొదలైంది.

"పది దినాలు బొడ్రాయిని ఎండబెడతవా? ఊరు ఎండబెడతవా?" అంది బూదవ్వ. ఆమెకు ఎనభై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం ముప్పై ఏళ్ళది. "అదే పని చెయ్యనీకి మీ అవ్వ నిన్ను చదివిచ్చిందా?"

"పెద్దవ్వా, ఇది సెన్సర్..."

"ఏందో ఒకటి. దానికి పేరు నువ్వు పెట్టినవా, మేం పెట్టినమా? పదకొండేండ్లాయె. ఒక్క పాము కరవలే, ఒక్క ఇల్లు కాలలే. అది ఊకెనేనా?"

"పిల్లకు సర్కారోళ్ళు ఏం చెప్పి పంపిండ్రో," అంది వెనక నుంచి ఎవరో.

"సర్కారోళ్ళు వద్దన్నరు. నేనే అడుగుతున్నాను," అన్నాను. అప్పటికే ఏడుపు వస్తోంది.

అవ్వ లేచి కొంగు నడుముకు చుట్టుకుంది.

"నా బిడ్డ పదహారేండ్లు చదివింది. ఆ పదహారేండ్లు నేను దాన్ని ఒక్క బిందె మొయ్యమనలే. ఇయ్యాల అది నన్ను బిందె దించమంటున్నది. దించుత. పది దినాలకే ఎండి చచ్చేదైతే అది బొడ్రాయే గాదు. మీరు పోస్తే పొయ్యిండ్రి, మొదటి బిందె నాది. నేను పొయ్యకుండ మీరెట్ల పోస్తరు?"

అది ఊరి నియమం. మొదటి బిందె పడకుండా రెండోది పడకూడదు. బూదవ్వ ఒక మాట తిట్టి బిందె పట్టుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఒకరొకరుగా వెళ్ళారు.

పల్లంగూడెం మాట నేను ఎత్తలేదు. అవ్వ వింటూ ఉంది, అక్కకు ఏడో నెల. నిర్ధారణ అయ్యాక చెబుదాం, అప్పటిదాకా అవ్వ గుండె ఎందుకు పగలగొట్టాలి అనుకున్నాను.

నమోదు 7. ఆషాఢం, పదకొండు నుంచి పదహారు వరకు

పదకొండు: 0.2

పన్నెండు: 1.4. పదకొండేళ్ళలో మొదటిసారి లెక్క మారింది.

పదమూడు: 9. ఎరుపు. ఒకటో రోజు.

పద్నాలుగు: 22. యంత్రం తప్పు చూపుతోందనుకుని పట్టీ వేసి చూశాను. 22.

పదిహేను: 38. మూడో ఎరుపు. దామోదర్ సార్ వచ్చి అంకె చూసి, చెప్పులు విప్పి, కంబానికి దూరంగా నిలబడి, వెళ్ళిపోయాడు. ఈ లెక్కన పంతొమ్మిదికి ఏడో ఎరుపు పడాలి. రెండో షెడ్డు మొదలయ్యేది ఇరవైకి. ఒక్క రోజు ముందు.

పదహారు: 0.2.

వంగి చూశాను. కంబం మొదట్లో మట్టి తడిగా ఉంది. ఎవరు? బూదవ్వ ఇంటి మీదికి పోదామనుకుని ముందు ఇంటికి వచ్చాను, గొంతు ఎండిపోతే నీళ్ళు తాగుదామని. తొట్టి ఖాళీగా ఉంది. తెర అప్పటికే పిండి ఉంది. మూడు బిందెలూ బోర్లించి ఉన్నాయి.

అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి వెలిగించలేదు.

"అవ్వా, నువ్వా?"

"నిన్న పల్లంగూడెం నుంచి కబురు వచ్చింది," అంది నా వైపు చూడకుండా. "వినోదకు కడుపుల నొస్తున్నదట. బిడ్డ మసులుత లేదట. బొడ్రాయి ఎండవట్టి ఆరు దినాలాయె. నా శేతులతోటి ఎండవెట్టిన. మొక్కుకున్ననే స్వరూపా. వినోద కడుపు సల్లగుండాలె అని మూడు బిందెలు పోసిన. నన్ను తిట్టు. గాని నాకు బిడ్డ కావాలె."

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. ఉప్పు సంగతి, బావి సంగతి, పుస్తకంలో గర్భిణుల గురించి రాసిన వాక్యం. ఆ విషం అక్క బావిలో ఉంది, అది బయటపడకుండా కప్పుతున్నది మన బిందె అని చెప్పాను.

అవ్వ రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

"ఎన్ని దినాల నుంచి ఎరుక నీకు?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది దినాలు." ఆ మాట మూడుసార్లు అంది. "నాకు చెప్పలే నువ్వు. చదువురానిదనా?"

కాదన్నాను. కానీ ఇప్పుడు ఇది రాస్తుంటే పూర్తిగా కాదని రాయలేకపోతున్నాను.

నమోదు 8. ఆషాఢం, ఇరవై ఒకటి

అవ్వ పదిహేడు నుంచి రోజూ తెల్లవారగానే వెళ్ళి కంబం పక్కన కూర్చుంటోంది. ఏడు దాటాకే లేస్తోంది. ఎవరైనా బిందెతో వస్తే చెయ్యి అడ్డం పెడుతోంది. బూదవ్వ మొదటి రోజు తిట్టింది. రెండో రోజు, "నువ్వు పోసుకున్నవ్, మమ్ములను పొయ్యనియ్యవ్. గిదేం నాయం?" అంది. అవ్వ ఆమెకు పల్లంగూడెం సంగతి మొత్తం చెప్పింది. మూడో రోజు బూదవ్వ ఖాళీ చేతులతో వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆకు నములుతూ అంకె కోసం నా మొహం చూస్తారు.

పద్దెనిమిది నుంచి మళ్ళీ ఎరుపు. ఈ రోజు నాలుగోది, 51.

నిన్న రెండో షెడ్డు మొదలైంది. నా సంతకంతో. గుంటలోకి రెండు గొట్టాలు పారుతున్నాయి. ఇరవై నాలుగు దాకా, ఐదు రోజులు పారతాయి. పదహారున అవ్వ నీళ్ళు పోయకపోతే పారేవి కావు. ఇదీ రాయాలి, రాశాను.

"నా పేరు రాసినవా దాంట్ల?" అని అడిగింది అవ్వ పుస్తకం చూసి.

"రాశాను, అవ్వ అనే. నా పేరు కూడా రాశాను."

"ఏ తాన ఉన్నది నాది?"

చూపించాను. వేలితో తడిమింది. అక్షరాల్లో తాను ఎట్లా ఉంటుందో అవ్వ చూడడం అదే మొదలు.

పల్లంగూడెంలో అక్కకు నొప్పి తగ్గింది. బిడ్డ కదులుతోందట. మంత్రసాని చూసి భయం లేదంది. కానీ మంత్రసానికి మెరుగుమందు సంగతి తెలియదు.

నమోదు 9. ఆషాఢం, ఇరవై నాలుగు

64. ఏడో ఎరుపు.

ఏడు గంటల ఒక నిమిషానికి కార్ఖానా గేటు పడింది. పదకొండేళ్ళుగా చెవుల్లో ఉన్న రొద ఆగిపోయింది. ఊరంతా బయటికి వచ్చింది. ఎవరో చంటిబిడ్డ ఆ నిశ్శబ్దానికి బెదిరి ఏడ్చింది. దామోదర్ సార్ కార్ఖానా మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు.

నేను గెలిచాననుకున్నాను. ఒక పూటంతా అట్లాగే అనుకున్నాను.

మధ్యాహ్నం నివేదికకు పటం గీస్తున్నాను. బావి లెక్క పదకొండు, ఇక్కడి లెక్క అరవై నాలుగు. ఇంత తేడా ఎందుకని దూరం కొలిచాను. గుంట నుంచి పల్లంగూడెం బావులకు నాలుగు కిలోమీటర్లు. గుంట తవ్వి పదకొండేళ్ళు, అంటే నాలుగు వేల రోజుల పైమాట. కింది నీరు రోజుకు ఒక మీటరు చొప్పున నడుస్తోంది.

పెన్ను పెట్టేసి లెక్క మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది.

ఈ రోజు అక్క బావిలో ఉన్నది ఈ రోజు కారింది కాదు. మొదటి ఏడాది కారింది. అప్పుడు కార్ఖానాలో ఒకటే తొట్టి ఉండేది. ఆ తర్వాత ఆరు తొట్లయ్యాయి, ఇరవై అయ్యాయి. అదంతా నేల కింద బయల్దేరి దారిలో ఉంది. గేటు మూసినా, కార్ఖానా నేలమట్టం చేసినా అది ఆగదు. రోజుకు ఒక మీటరు నడుచుకుంటూ ఇంకో పదకొండేళ్ళ పాటు పల్లంగూడెం బావుల్లోకి వస్తూనే ఉంటుంది. ఇప్పుడున్న పదకొండు, వచ్చేదాంట్లో అన్నిటికన్నా తక్కువ.

కేంద్రానికి రాశాను. జవాబు: గేటు మూసివేత ధ్రువీకరించడమైనది. పల్లంగూడెం నమోదైన ఊరు కాదు. తెరల కేటాయింపు లేదు.

నమోదు 10. ఆషాఢం, ఇరవై ఆరు

నిన్న పల్లంగూడెం వెళ్ళి అందరికీ చెప్పాను. ఈసారి సగం కాదు, మొత్తం. బావుల దగ్గర గుమిగూడి విన్నారు. ఒక పెద్దాయన చేద లాగి, నీళ్ళు దోసిట్లో పోసుకుని చూసి, "మరేం తాగాలె?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కను మా ఇంటికి వచ్చేయమన్నాను.

"నన్నొక్కదాన్నే తీస్కపోతవా? నువ్వు పంపిన డబ్బాల నీళ్ళు ఎవరు తాగిండ్రనుకున్నవ్? ఈ వాడల నేనొక్కదాన్నే సూలాలినా? ఇంకిద్దరున్నరు. ముగ్గురం పంచుకున్నం."

అంటే అక్క సగం రోజులు బావి నీళ్ళే తాగింది. నేను కోపంతో ఏమేమో అన్నాను. అక్క నన్ను ఆపలేదు.

ఈ రోజు బొడ్రాయి దగ్గర మళ్ళీ కూడారు. నేను లెక్క చెప్పాను. రోజుకు ఒక మీటరు అన్నాను. అవ్వ లేచి ఇంటికి వెళ్ళింది. మిద్దె ఎక్కడం, తాళ్ళు విప్పడం అక్కడి నుంచి కనబడింది. తెరను చుట్టి భుజాన వేసుకుని వచ్చి నేల మీద దించింది.

"పిచ్చిదానా!" అంది బూదవ్వ. "కార్ఖానా బందయింది. కొత్తది రాదు. ఉన్నది ఇచ్చేసి రేపేం తాగుతవ్?"

"నీ తొట్టిల తాగుత. పొయ్యవా?"

"ఎందుకు పోస్త?"

"పదకొండేండ్లు ఆ కంబానికి పోసినవ్. నాకు పొయ్యవా?"

కొందరు నవ్వారు. కొందరు లేచి ఇళ్ళకు పోయి తలుపులు వేసుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేను, వాళ్ళ ఇళ్ళలో కూడా పిల్లలున్నారు. సాయంత్రానికి రెండు వందల పన్నెండు ఇళ్ళ నుంచి ఇరవై మూడు తెరలు వచ్చాయి. దామోదర్ సార్ తన ఇంటిది తెచ్చి, గోదాములో మెరుగు పూసి మిగిలినవి ఇంకో ఆరు ఉన్నాయని చెప్పాడు. అవి కేంద్రం సొత్తు. తాళం తీసి బండికి ఎత్తించాడు. పుస్తకంలో రాస్తావా అని అడిగాడు. రాస్తానన్నాను. రాయి అన్నాడు.

బూదవ్వ తెర ఇవ్వలేదు. కానీ మా ఇంటికి సగం బిందె నీళ్ళు పంపింది.

నమోదు 11. ఆషాఢం, ఇరవై ఎనిమిది

నిన్న ముప్పై తెరలూ పల్లంగూడెం మిద్దెల మీద కట్టాం. పది ఇళ్ళకు ఒకటి. కడుపుతో ఉన్నవాళ్ళకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు తాగడానికి మాత్రమే. లెక్కలో అంతే సరిపోతుంది. మిగతావాళ్ళకు ఏం చెయ్యాలో నాకు ఇంకా తెలియదు. తెరల్లో కొన్నింటికి ఎనిమిది నెలల ఆయుష్షు ఉంది, కొన్నింటికి మూడు.

ఈ పొద్దున అక్క మిద్దె మీద అందరం నిలబడ్డాం. కింద వాకిట్లో చెంబులు పట్టుకుని జనం ఉన్నారు. వాళ్ళు తెర పిండడం ఎప్పుడూ చూడలేదు.

అక్క పొట్ట మీద చెయ్యి వేసుకుని నా పక్కకు వచ్చింది. మెల్లగా, కింద వాళ్ళకు వినబడకుండా అడిగింది.

"చెల్లె, సదువుకున్నదానివి, నిజం చెప్పు. వీనికేం కాదు గద?"

అవ్వ తాళ్ళు సరిచేస్తున్నదల్లా ఆగింది. నేను పుస్తకంలో ఉన్న అన్ని పేజీలూ గుర్తు తెచ్చుకున్నాను. ఎన్ని రోజులు తాగితే ఎంత హాని అన్న పట్టిక ఉంది. అది పెద్దవాళ్ళకు. కడుపులో బిడ్డకు ఒక్కటే వాక్యం ఉంది, దాని కింద పట్టిక లేదు. ఏం కాదక్కా అని నోటి దాకా వచ్చింది. ఆ మాట ఎంత సులువుగా వస్తుందో పచ్చ అని రాసిన రోజు చూశాను.

"తెలియదక్కా," అన్నాను. "నిజంగా తెలియదు. పుట్టాక చూస్తాం. ప్రతి నెలా చూస్తాం. ఏమున్నా దాచను."

కింద ఎవరిదో చెంబు రాయికి తగిలి మోగింది. అక్క కళ్ళు కొంగుతో తుడుచుకుని, ముందుకు వంగి, తెర తాడు రెండు చేతులతో పట్టుకుంది.

"ఎటు దిక్కు తిప్పాలె?"

"కుడికి," అంది అవ్వ. "మెల్లగ."